పందిరి రాట

పోయినేడు ఉద్యోగపు పనిమీద ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఒక ఆదివారం ఖాళీ దొరికితే లివర్‌పూల్ చూసి వచ్చాను. రాక్ సంగీతంలో నాకు ప్రవేశం తక్కువ. అయినా ఆ ఊరు వెళ్ళి బీటిల్స్ పాడిన చోటు చూడకుండా రావడం, తిరువయ్యారు వెళ్ళి త్యాగరాజస్వామి సమాధి చూడకుండా రావడం లాంటిదని తోడు వచ్చిన మిత్రుడు పట్టుబట్టాడు. మాథ్యూ వీధిలో కావెర్న్ క్లబ్బని ఒక నేలమాళిగ. మెట్లు దిగి, దిగి, కిందికి వెళితే ఇటుక కమానుల కింద చిన్న వేదిక. దాని ముందు నిలబడి ఫొటోలు తీయించుకోవడానికి జనం వరుసలో ఉన్నారు. కొందరి కళ్ళు చెమర్చడం నేను చూశాను.

ఆ మాళిగను 1957 జనవరిలో జాజ్ సంగీతం కోసం తెరిచారు. బీటిల్స్ అక్కడ 1961 ఫిబ్రవరి నుంచి 1963 ఆగస్టు దాకా పాడారు. ఎన్నిసార్లు పాడారో కూడా లెక్క ఉంది: 292. ఇంత లెక్క వేసినవాళ్ళే 1973లో ఆ క్లబ్బును మూయించి, కొట్టించి, పూడ్పించారు. భూగర్భ రైలుమార్గానికి గాలిగొట్టం కావాలన్నారు. తీరా ఆ గొట్టం వేయనేలేదు. 1984లో పాత ఇటుకలు చాలావాటిని ఏరి, పాత చోటును కొంత కలుపుకుంటూ మళ్ళీ కట్టారు. అంటే ఆ భక్తులు కన్నీళ్ళు పెట్టుకుంటున్నది అసలు గుడిలో కాదు, పునఃప్రతిష్ఠ జరిగిన గుడిలో. ఈ సంగతి అక్కడివాళ్ళు దాచరు. అడిగితే చెబుతారు.

అదే ఊళ్ళో పాల్ మెకార్ట్నీ పెరిగిన చిన్న ఇంటిని నేషనల్ ట్రస్టు 1995లో సేకరించింది. జాన్ లెనన్ పెరిగిన ఇల్లు 2002లో దాని చేతికి వచ్చింది. ఆ ఊరికి 2015లో యునెస్కో సంగీతనగరమన్న బిరుదు కూడా ఇచ్చింది. తిరుగు రైల్లో కూర్చుని ఇవన్నీ తలుచుకుంటుంటే మనసు తనంతట తాను మా రాజోలు వెళ్ళిపోయింది.

మాది రాజోలు తాలూకా. వశిష్ఠకూ వైనతేయకూ నడుమ సముద్రం దాకా సాగిన ముక్క. ఆ ముక్కలో రెండేళ్ళ తేడాతో ఇద్దరు పుట్టారు. 1928లో రాజోలులో ఓలేటి వెంకటేశ్వర్లు. 1930 జూలై 6న శంకరగుప్తంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ. ఇరవయ్యో శతాబ్దపు తెలుగు గాత్రసంగీతాన్ని తలుచుకోవలసి వస్తే ఈ రెండు పేర్లూ లేకుండా మాట పూర్తి కాదు. మరి మా తాలూకాలో సంగీతం పాడిన చోటేది? "ఇదిగో, ఇక్కడ" అని ఒక అతిథికి వేలు పెట్టి చూపించమంటే నేను దేన్ని చూపించాలి?

ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే నాకు తోచిన సంగతులే ఈ వ్యాసం.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. బాలమురళిని "మావాడు" అనడం కొంచెం దబాయింపే. ఆయన పసిగుడ్డుగా ఉండగానే తల్లి సూర్యకాంతమ్మగారు పోయారు. ఆవిడ వీణ వాయించేవారు. ఆవిడ తండ్రి ప్రయాగ రంగదాసు వాగ్గేయకారుడు. బాలమురళి తండ్రి పట్టాభిరామయ్యగారూ సంగీత విద్వాంసులే. పిల్లవాడు తండ్రి చేతుల మీద విజయవాడలో పెరిగాడు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర శిష్యరికం చేశాడు. పంతులుగారు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారి శిష్యులు. శాస్త్రిగారు మానంబుచావడి వెంకటసుబ్బయ్యగారి శిష్యులు. ఆయన సాక్షాత్తూ త్యాగయ్యగారి శిష్యుడు. ఇంకా పదేళ్ళు నిండకుండానే ఈ పిల్లవాడు విజయవాడ ఆరాధనోత్సవంలో కచేరీ చేస్తే, విన్న హరికథా విద్వాంసుడు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ మురళీకృష్ణ పేరుకు ముందు "బాల" చేర్చారు. కనుక శంకరగుప్తం ఆయనకు ఇచ్చినది పుట్టుక ఒక్కటే. ఓలేటి సంగతీ ఇంచుమించు అంతే. చదువు కాకినాడలో మునుగంటి వెంకట్రావు పంతులుగారి దగ్గర, ఆ తరువాత శ్రీపాద పినాకపాణిగారి దగ్గర.

ఇద్దరూ గోదావరి దాటారు. ఎందుకు దాటవలసి వచ్చిందన్నది అసలు చరిత్ర.

కోనసీమకు సంగీతం కొనుక్కునే స్తోమత నీళ్ళతో వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన రోజుల్లోనే వైనతేయ మీదుగా ఈ ద్వీపానికి కాలువనీరు చేరవేయడానికి గన్నవరం అక్విడక్టు కట్టారు. 1852, 53 సంవత్సరాల్లో హేగ్ అనే ఇంజనీరు కట్టించినది. 49 కమానులు, ఒక్కొక్కటి 40 అడుగులు. (ఇప్పుడు దాని పక్కన ఉన్నది 2000లో తెరిచిన కొత్తది; అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆనకట్టకూ అక్విడక్టుకూ ఇంజనీరు పేర్లే చెప్పుకునే మనకు ఆ పేరు పెట్టడం ఒక మంచిపని.) నీరు వచ్చాక వరి వచ్చింది, కొబ్బరి పెరిగింది, కరణాలకూ మోతుబరులకూ చేతిలో రొక్కం ఆడింది. అమలాపురంలో ప్లీడర్లు తయారయ్యారు. రొక్కం ఉన్నచోట వినాలన్న కోరిక పుడుతుంది.

కానీ హాలు కట్టాలన్న కోరిక మాత్రం పుట్టలేదు. కాకినాడలో సరస్వతీ గానసభ ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల్లోనే వెలిసింది. రాజమండ్రికి వీరేశలింగంగారి టౌనుహాలు ఉంది. పిఠాపురానికీ విజయనగరానికీ సంస్థానాలున్నాయి; విజయనగరంలో 1919లోనే సంగీత కళాశాల పెట్టారు. మాకు సంస్థానం లేదు, పట్నం లేదు, ఆ రోజుల్లో వంతెన కూడా లేదు. పాటగాడు రావాలంటే రేవు దాటాలి. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు వేశారు, ఓలేటి పుట్టిన ఏడే. అక్కడ దిగి పడవెక్కితే ముక్తేశ్వరం. యుద్ధం వచ్చి 1940లో ఆ పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్ళీ ఆ దారిన రైలు నడవడానికి 2004 దాకా ఆగవలసి వచ్చింది. ఇంత తిప్పలుపడి రేవు దాటి వచ్చిన విద్వాంసుడు ఎక్కడ పాడేవాడు?

పందిట్లో పాడేవాడు.

పందిరిని గురించి మనవాళ్ళు ఎందుకో రాయరు. రోజూ చూసేదే కదా అని కావచ్చు. శ్రీరామనవమికి ముందు ఒక మంచిరోజు చూసి రాట వేస్తారు. రాటకు పసుపు రాసి, బొట్టు పెట్టి, మామిడాకులు కట్టి, నవధాన్యాలు మూటగట్టిన పసుపుగుడ్డ చుట్టి, గుంటలో పాలు పోసి నిలబెడతారు. ఆ ఒక్క కర్ర నిలిచిందంటే ఇక పందిరి వేసినట్టే లెక్క. తరువాత సరుగుడు బాదులు, వెదుళ్ళు, వాటి మీద అల్లిన కొబ్బరాకులు. అల్లే పని ఊళ్ళో కొన్ని ఇళ్ళవాళ్ళకే వచ్చు. పచ్చి ఆకు మొదటిరోజు ఒక వాసన, ఎండిన నాలుగోరోజుకు ఇంకొక వాసన. కింద గోదావరి ఇసుక పోసి నీళ్ళు చల్లితే ఏప్రిల్ ఎండలో కూడా కాళ్ళకు చల్లగా ఉంటుంది. నాలుగు బల్లలు కలిపి వేసి మీద జంపఖానా పరిస్తే అదే వేదిక.

చిన్నప్పుడు గ్రహించలేదుగాని, పందిరి ఎంతో మర్యాద తెలిసిన కచేరీశాల. సిమెంటు హాల్లో పాట గోడలకు తగిలి మళ్ళీ మనమీద పడుతుంది. కొబ్బరాకు కప్పు ఏ శబ్దాన్నీ తిరిగి విసరదు. తంబూరా మెత్తగా వినబడుతుంది, మృదంగం ఎడమవైపు గుంభనంగా వినబడుతుంది, పాడేవాడి గొంతులో సత్తువ లేకపోతే రెండో వరుసకే తెలిసిపోతుంది. గోడలు లేవు కనుక బయట నిలబడ్డవాడికి కూడా లోపల కూర్చున్నవాడికి వినబడినంత వినబడుతుంది. ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి.

ఎందుకంటే లోపల ఎవరు, బయట ఎవరు అన్నది పుల్లతో గీత గీసినట్టు ఉండేది. ఆ గీత నా చిన్నతనానికి పలచబడిందిగాని చెరగలేదు. సన్నాయి వాయించేవాళ్ళు సభకు మంగళం పలికి ఒక ఓరకు జరిగి కూర్చునేవారు. తరువాత పాడే విద్వాంసుడు వాళ్ళు వాయించిన రాగాన్నే ఎత్తుకునేవాడు. డప్పులవాళ్ళు పందిరి నీడలోకి వచ్చేవారు కాదు. కొబ్బరాకు అల్లిన చేతులు చాలావరకు ఆ ఆకు కింద కూర్చున్న చేతులు కావు. గోడలు లేకపోవడం వల్ల పాట అందరికీ అందింది, నిజమే. దాన్ని ఉదారత అని పొగుడుకోవడం మాత్రం నావల్ల కాదు. ఆపడానికి గోడ లేదు, అంతే.

పందిరికి ముందున్న సభాస్థలం మేజువాణి. పెళ్ళిళ్ళలో, కలిగినవాళ్ళ మండువా లోగిళ్ళలో కళావంతుల పాట, ఆట. ఈ డెల్టాలో ఆ విద్య ఎంత లోతుగా పాతుకున్నదో ముమ్మిడివరం అన్నాబత్తుల వారి గొల్లకలాపాన్ని గురించి విన్నవాళ్ళకు తెలుసు. క్షేత్రయ్య పదాలను పట్టి నిలిపినవాళ్ళు ఆ ఇళ్ళ ఆడవాళ్ళు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం తెచ్చింది. ఆచారం పోవలసినదే, అందులో నాకు సందేహం లేదు. కానీ దానితోపాటు విద్య కూడా సిగ్గుపడవలసిన వస్తువయింది. ఆ ఇళ్ళలో మద్దెల మూలపడింది. త్యాగరాజస్వామి సమాధిమీద గుడి కట్టించింది కూడా ఒక దేవదాసే, బెంగుళూరు నాగరత్నమ్మ. సొంత ఆస్తి ధారపోసి 1925 నాటికి పూర్తి చేసింది. మొదట్లో అక్కడి ఆరాధనలో ఆడవాళ్ళను పాడనివ్వకపోతే, ఆవిడే ఆడవాళ్ళతో వేరే ఆరాధన నడిపింది. ఏటా అందరూ కూర్చుని పంచరత్నాలు పాడేది కావేరి ఒడ్డున వేసిన పందిట్లోనే. తెలుగుపాటకు ఉన్న అతి పెద్ద క్షేత్రంలో కూడా పాట పందిరి కిందే ఉంది. నాకిది కొంత ఊరట.

పందిట్లో కచేరీ కన్నా హరికథకు గిరాకీ ఎక్కువ. తొమ్మిది రాత్రుల్లో ఆరింటికి హరికథ ఉండేది. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) ఏర్పరచిన బాట అది. కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిరుతలు, మెడలో పూలదండ, ఒకే మనిషి రాముడూ రావణుడూ. కథ మంచి పట్టుమీద ఉండగా ఆపి చదివింపులు చదివేవారు: ఫలానావారు రెండు రూపాయలు, ఫలానావారు పావలా. సీతమ్మవారు అశోకవనంలో ఏడుస్తుంటే మధ్యలో పావలా ఏమిటని నాకు చిరాకుగా ఉండేది. ఆ పావలాలతోనే మరుసటి రాత్రి కథ నడిచిందని తరువాత తెలిసింది. గౌతమికి ఆవలి ఒడ్డున కపిలేశ్వరపురంలో 1973లో సర్వారాయ హరికథా పాఠశాల పెట్టి ఆడపిల్లలకు ఈ విద్య నేర్పడం మొదలుపెట్టారు. మా ప్రాంతంలో సంగీతం కోసం ఇటుకమీద ఇటుక పేర్చిన పనుల్లో నాకు తెలిసి మొదట చెప్పుకోవలసినది అదే.

అంతకన్నా విచిత్రమైన చోటొకటి మాకుంది. అంబాజీపేట దగ్గర మొసలపల్లి శివార్లలో జగ్గన్నతోట. అక్కడ గుడి లేదు. ఉన్నది కొబ్బరితోట. కనుమనాడు చుట్టుపక్కల గ్రామాలనుంచి పదకొండుమంది రుద్రులు ప్రభలెక్కి అక్కడికి వస్తారు. వెదుళ్ళతో కట్టి రంగుబట్టలు చుట్టిన ఎత్తయిన ప్రభలను భుజాలమీద మోస్తూ, చేలల్లోంచి, ఎగువ కౌశిక కాలువ నీళ్ళలోంచి దాటిస్తారు. మోసేవాళ్ళ అడుగు తప్పకుండా చూసేది డప్పే. అక్కడ సంగీతం అలంకారం కాదు, అవసరం. దెబ్బ తడబడితే ప్రభ ఒరుగుతుంది. 2023 గణతంత్ర దినోత్సవంనాడు ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా వెళ్ళింది ఈ ప్రభల తీర్థమే. సాయంత్రం చీకటిపడే వేళకు ప్రభలన్నీ వెళ్ళిపోతాయి. మర్నాడు వెళ్ళి చూస్తే చెట్లు, తొక్కుడుపడ్డ నేల.

ఇప్పుడు మళ్ళీ ఆ ఇద్దరి దగ్గరికి వస్తాను. పందిరి తొమ్మిది రాత్రులది. తక్కిన రోజుల్లో విద్వాంసుడు ఏం తినాలి? జవాబు 1948 డిసెంబరు 1న విజయవాడలో దొరికింది, ఆకాశవాణి కేంద్రం రూపంలో. ఓలేటి అక్కడ చేరారు, బాలమురళి చేరారు. రాజోలు తాలూకాలో పుట్టి రెండు దారుల్లో గోదావరి దాటినవాళ్ళు కృష్ణ ఒడ్డున ఒకే కప్పు కింద కొలువు చేశారు. బాలమురళి పొద్దుటిపూట భక్తిరంజని పాడారు, పాడించారు. ఓలేటి సంగీత శిక్షణ పేరుతో గాలిలోనే పాఠం చెప్పారు; గురువు ముఖం చూడకుండా కీర్తనలు నేర్చుకున్నవాళ్ళు జిల్లాజిల్లాకూ ఉన్నారు. మా అత్తయ్య ఒకావిడ పొయ్యిమీద ఎసరు పెట్టి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఆయన ఒక సంగతి మళ్ళీ అనేలోపల రాసేసుకునేది. మా ఇంటి వంటిల్లు ఆ అరగంటా సంగీత కళాశాల.

ఆలోచిస్తే, రేడియో కూడా గోడల్లేని పందిరే. ఒక్క తేడా ఉంది. దానికి లోపలా బయటా లేవు. పంచాయతీ ఆఫీసు అరుగుమీద రేడియో పెడితే, పందిట్లోకి రానివ్వనివాళ్ళు కూడా ఆ అరుగు పక్కనే నిలబడి ఓలేటి మోహన విన్నారు. ఆ పుణ్యం ఏ ధర్మకర్తదీ కాదు.

ఇక రాక్ సంగీతం మాట. అది మా ఊరికి రాలేదనలేను, దారి తప్పి వచ్చింది. ఎనభైల్లో వినాయకచవితి పందిళ్ళకు ఆర్కెస్ట్రాలు వచ్చేవి: రెండు కీబోర్డులు, డ్రమ్ములు, ఒక ఎలక్ట్రిక్ గిటారు. వాయించేది సినిమాపాటలే. కానీ పాటకూ పాటకూ మధ్య గిటారు కుర్రాడు నిముషంపాటు తన ఇష్టానికి ఏదో వాయించేవాడు. కొబ్బరాకులు కూడా అదిరినట్టుండేది. పెద్దవాళ్ళు ముఖం చిట్లించేవారు. ఆ కుర్రాడు ఎక్కడ విని నేర్చుకున్నాడో, ఆ నిముషం ఎవరిదో నాకు లివర్‌పూల్ మెట్లు దిగేటప్పుడు తట్టింది. ఒక రాత్రి కరెంటు పోయి, జనరేటరు మొరాయించింది. గిటారు మూగబోయింది. అప్పుడు పాడే అమ్మాయి మైకు పక్కన పెట్టి, ఉత్త గొంతుతో అదే పాట మొదటినుంచి ఎత్తుకుంది. చివరి వరుస దాకా వినబడింది. తరువాతి సంవత్సరాల్లో ఆ పందిళ్ళలోకే రికార్డింగు డాన్సులు వచ్చాయి, ఇప్పుడు డీజే పెట్టెలు వచ్చాయి. డీజే పెట్టెకు పందిరితో పనిలేదు. కప్పున్నా లేకున్నా దాని మోత ఒకటే.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ కొబ్బరిని నేలకూల్చింది. ఆ మరుసటి నవమికి చాలా ఊళ్ళలో ఆకుపందిరి వేయలేదు, టెంటుహౌసు షామియానా వేశారు. అలవాటు తప్పడానికి ఒక్క ఏడాది చాలు. చెట్లు మళ్ళీ పెరిగినా పందిరి మళ్ళీ అంతగా లేవలేదు. ఆకు అల్లే చేతులు హైదరాబాదుకో గల్ఫుకో వెళ్ళిపోయాయి. 2025లో శంకరగుప్తం పేరు పత్రికల్లో తరచు కనబడింది. బాలమురళి పుట్టిన ఊరని కాదు. శంకరగుప్తం డ్రెయిను వెంట సముద్రపు ఉప్పునీరు పైకి తన్ని కేశనపల్లి వైపు కొబ్బరితోటలు మోడువారాయని. తల వాలిపోయి నిలబడ్డ చెట్ల ఫొటోలు మీరూ చూసే ఉంటారు.

కావెర్న్ క్లబ్బును పదకొండేళ్ళ తరువాత ఒకసారి మళ్ళీ కట్టారు. అందుకే అది ఉంది. మా పందిరిని ఏటా మళ్ళీ కట్టేవారు. ఏటా అదే గుంట. గుంట ఎక్కడుందో చెప్పడానికి కాగితం అక్కరలేదు. ఊళ్ళో పెద్దవాడొకడు వచ్చి రామకోవెల మెట్టునుంచి అడుగులు వేసి, మడమతో నేలమీద గుర్తు పెట్టేవాడు. ఇప్పుడెవరైనా అతిథి వచ్చి మీ సంగీతస్థలం చూపించమంటే నేను ఆ గుంట దగ్గరికే తీసుకువెళతాను.

క్రితం నవమికి మా ఊరు వెళ్ళాను. ఇనుపగొట్టాల షామియానా వేశారు, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. హరికథ ఒక్క రాత్రే ఉంది; గజ్జెల చప్పుడు మైకులో వినబడలేదు. రాట మాత్రం వేశారు. షామియానాకు దానితో పనిలేదు, అయినా పక్కగా ఒక కర్ర పాతి, పసుపుగుడ్డ చుట్టి, తలకు ఒక కొబ్బరి మట్ట కట్టారు. ఆ మట్ట ఎక్కడిదని అడిగాను. మన తోటల్లో పచ్చనిది దొరకలేదనీ, ఆటోలో పి.గన్నవరం నుంచి తెప్పించామనీ చెప్పారు.